తాతగారి బుల్లెట్టూ, మూడు తెలుగు మాటలూ

జూలైలో ఒక మధ్యాహ్నం పదకొండో తరగతి విద్యార్థి ఒకడు పాత రైల్వే డైరీ పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. అట్ట ఊడిపోయింది. కాగితాల అంచులకు నూనె మరకలు. లోపలంతా తెలుగు, అదీ గొలుసుకట్టు రాత. "మా తాతగారిది సార్. ఇంట్లో మాట్లాడతాం గానీ ఎవరికీ చదవడం రాదు. ఇందులో బండి గురించి రాసి ఉందని నానమ్మ అంటోంది" అన్నాడు.

బండి అంటే 1974లో కొన్న బుల్లెట్ 350. తాతగారు రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి, రిటైరై, ఈమధ్యే కన్నుమూశారు. 2009లో ఆయన నడపడం మానేసినప్పటి నుంచి బండి క్వార్టర్ వరండాలో తార్పాలిన్ కింద ఉంది. వచ్చే మార్చిలో ఈ అబ్బాయి నాన్నగారు కూడా రిటైరవుతున్నారు. క్వార్టర్ ఖాళీ చేయాలి. బండిని ఏం చేయాలన్న ప్రశ్న అక్కడ మొదలైంది. కబాడీకి అమ్మేద్దామని నాన్నగారు, ముట్టుకోవద్దని నానమ్మ. అబ్బాయికి మాత్రం వెనక మడ్‌గార్డు కోయించి, ఒంటి సీటు వేయించి, నల్ల రంగు కొట్టించి, వీడియోల్లో చూసినట్టు దాన్ని 'బాబర్' చేయాలని ఉంది.

ఆ డైరీని మేము, అంటే తెలుగు చదవగలిగిన నలుగురు విద్యార్థులతో కలిసిన మేము, మూడు వారాలపాటు సాయంత్రాలు కూర్చుని చదివాం. చదువుతుండగా మాకు తెలిసిన విషయాలే ఈ వ్యాసం. పాత మోటారు సైకిలును యథాతథంగా పునరుద్ధరించాలా, మన ఇష్టానికి మార్చుకోవాలా అన్నది బళ్ల పిచ్చి ఉన్నవారి గొడవలా కనిపిస్తుంది. నిజానికి పెద్దవాళ్లు వదిలివెళ్లిన ఏ వస్తువు విషయంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది.

బిలాస్‌పూర్‌లో తెలుగు డైరీ ఎలా వచ్చింది?

బిలాస్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ దారిన పట్టాలు వేసింది. అదే సంస్థ తూర్పు తీరంలో వాల్తేరు దాకా వెళ్లింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య నేరుగా దారి పడింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే ఉద్యోగాల కోసం ఇటు వచ్చాయి. ఇప్పుడు ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. బుధవారీ బజారులో కూరగాయల బేరం హిందీలో మొదలై తెలుగులో ముగియడం ఇక్కడ వింతేమీ కాదు.

మూడో తరానికి వచ్చేసరికి మాట మిగిలింది, లిపి పోయింది. అందుకే బండి చరిత్ర డైరీలో ఉన్నా, ఆ ఇంట్లో ఎవరికీ అందకుండా ఉండిపోయింది.

మరమ్మతు, జీర్ణోద్ధరణ, రూపాంతరం

ముందుగా మాటలు తేల్చుకుందాం. పాత బండితో చేసే పనులు మూడు రకాలు. మూడింటికీ తెలుగులో మూడు మాటలున్నాయి.

మరమ్మతు అంటే పాడైన దాన్ని పనిచేసేలా చేయడం. తెగిన క్లచ్ వైరు మార్చడం, అరిగిన చైను తీసి కొత్తది వేయడం ఇందులోకి వస్తాయి. ఇక్కడ రూపం గురించిన ఆలోచన ఉండదు. బండి నడిస్తే చాలు.

జీర్ణోద్ధరణ అన్న మాటను మనం గుళ్ల విషయంలో వింటుంటాం. శిథిలమైన దాన్ని దాని పూర్వరూపంలో తిరిగి నిలబెట్టడం. బళ్ల విషయంలో రెస్టొరేషన్ అని పిలిచేది ఇదే. కార్ఖానా నుంచి వచ్చిన నాడు ఏ రంగు, ఏ బోల్టు, ఏ దీపం ఉన్నాయో అవే ఉండేలా చూడడం దీని లక్ష్యం.

రూపాంతరం అంటే ఉన్న వస్తువును ముడిసరుకుగా తీసుకుని కొత్త రూపం కల్పించడం. కస్టమైజ్ చేయడమంటే ఇది. ఇక్కడ కొలత పాత రూపం కాదు, చేయించుకునేవారి అవసరం, అభిరుచి.

చాలా గొడవలు ఈ మూడింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. "బండి బాగు చేయించాను" అని ఒకరంటే అది మూడింటిలో ఏదైనా కావచ్చు. మెకానిక్ షెడ్డులో అడుగుపెట్టే ముందు మనకు కావలసింది ఏదో మనం చెప్పగలగాలి. చెప్పకపోతే మిస్త్రీ తనకు అలవాటైనది చేస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

రూపాంతరం చిన్నతనం కాదు

పాత రూపమే పవిత్రమని, మార్చేవాళ్లంతా పాడుచేసేవాళ్లని కొందరు అంటారు. అది సరికాదు. రూపాంతరానికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో కుర్రవాళ్లు బరువైన బళ్లకు ముందు మడ్‌గార్డు తీసేసి, వెనకది కురచగా కోసి, బరువు తగ్గించి వేగం పెంచుకున్నారు. 'బాబర్' అలా పుట్టింది. తర్వాత చాసిస్‌నే కోసి ముందు ఫోర్కులు సాగదీసినవి 'చాపర్'లు. 1950, 60ల ఇంగ్లండులో యువకులు లండన్‌లోని ఏస్ కెఫే లాంటి టీ కొట్ల దగ్గర చేరి, హ్యాండిల్ కిందికి దించి, ముందుకు వంగి గంటకు 100 మైళ్లు అందుకోవాలని పోటీపడేవారు. ఆ బళ్లకు 'కెఫే రేసర్' అన్న పేరు అలా వచ్చింది.

మన దేశంలో రూపాంతరం సరదా కంటే అవసరం నుంచే ఎక్కువగా పుట్టింది. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన హార్లే డేవిడ్‌సన్ బళ్లకు వెనక చక్రాల పెట్టె తగిలించి ఢిల్లీలో జనాన్ని ఎక్కించుకుని తిరిగేవారు. ఆ చప్పుడును బట్టి వాటికి 'ఫట్‌ఫటీ' అని పేరు. గుజరాత్ పల్లెల్లో బుల్లెట్ ముందు భాగానికి వెనక ట్రాలీ కలిపి 'ఛకడా' చేశారు. మన హైదరాబాద్‌లో సరదా రూపాంతరాలకు ఒక మ్యూజియమే ఉంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బ్యాట్, బూటు లాంటి ఆకారాల్లో నడిచే కార్లున్నాయి. దాని స్థాపకుడు కె. సుధాకర్ 2005లో నడిపిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు.

అదే పాతబస్తీలో, చౌమహల్లా ప్యాలెస్‌లో, నిజాం కోసం తయారైన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును పునరుద్ధరించి ఉంచారు. ఒకే ఊరు రెండింటినీ దాచుకుంది. ఒకచోట కొత్తగా ఊహించడమే గొప్ప, ఇంకోచోట ఏమీ ఊహించకపోవడమే గొప్ప. ఆ కారును ఎవరైనా బూటు ఆకారంలోకి మారిస్తే మనం ఎలా బాధపడతామో ఆలోచించండి. అంటే ప్రశ్న "ఏది మంచిది?" అని కాదు. "ఈ వస్తువుకు ఏది తగింది?" అని.

బుల్లెట్ కథ క్లుప్తంగా

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు కంపెనీ. మన సైన్యానికి బుల్లెట్లు అవసరమవడంతో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట విడిభాగాలు ఓడలో తెచ్చి ఇక్కడ బిగించేవారు. తర్వాత అన్నీ తిరువొత్తియూరు కార్ఖానాలోనే చేయసాగారు. 1970 నాటికి అసలు ఇంగ్లండు కంపెనీ మూతపడింది. పుట్టినచోట ఆగిపోయిన బండి మద్రాసులో బతికింది. పోత ఇనుప సిలిండరుతో ఉండే ఆ పాత ఇంజను 2010 ప్రాంతం దాకా పెద్ద మార్పు లేకుండా తయారవుతూ వచ్చింది.

దీనివల్ల పునరుద్ధరించేవారికి ఒక మేలు జరిగింది. బుల్లెట్ సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. మైసూరులో ఐడియల్ జావా కార్ఖానా 1996లో మూతపడ్డాక పాత జావా, యెజ్డీ బళ్లవాళ్లకు ఆ సుఖం లేదు. రాజ్‌దూత్ 350 ఉన్నవారి తంటాలైతే చెప్పనక్కర్లేదు. అయితే సామాను సులువుగా దొరకడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. కొత్తది చేతిలో ఉన్నప్పుడు, బాగుచేయగలిగిన పాతదాన్ని పారేయడం మరీ తేలిక.

తిరిగి రాని పనులు

తాతగారి డైరీలో 1983 నాటి ఒక పద్దు దగ్గర మా విద్యార్థులు ఆగిపోయారు. "మొదటి బోరు" అని రాసి ఉంది. దాని అర్థం లెక్కవేసి చూశాం.

పాత బుల్లెట్ సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఆర్‌సీ కాగితం మీద ఉండే 346 సీసీ ఇదే. వాడగా వాడగా సిలిండరు గోడ అరిగిపోతుంది. అప్పుడు గోడను లేతుమీద సమంగా కోసి, కొంచెం పెద్ద పిస్టన్ వేస్తారు. బోరు వేయించడమంటే ఇదే. మొదటి బోరుకు వ్యాసం దాదాపు అర మిల్లీమీటరు పెరుగుతుంది. మళ్లీ లెక్కవేస్తే 351 సీసీ వచ్చింది. బండి నడుస్తుంది, కానీ కోసిన ఇనుము తిరిగి రాదు. ఇలా రెండు మూడు బోర్లయ్యాక గోడ పలచబడి, కొత్త స్లీవ్ దించడమో, సిలిండరే మార్చడమో చేయాలి.

ఈ లెక్కతో మాకు ఒక గీత దొరికింది. బండితో చేసే పనులన్నీ రెండు వరసల్లో పెట్టవచ్చు. బోల్టు విప్పితే పూర్వస్థితికి వచ్చేవి ఒక వరస: హ్యాండిల్, సీటు, అద్దాలు, దీపాలు. కోసినా, రాపినా, వెల్డింగు చేసినా మళ్లీ వెనక్కి రానివి రెండో వరస: చాసిస్ కోయడం, మడ్‌గార్డు కురచ చేయడం, అసలు రంగును గీకేయడం, నంబర్లు అరగదీయడం. మొదటి వరస పనులు ఎన్ని చేసినా రేపు మనసు మార్చుకోవచ్చు. రెండో వరసలో ఒక్కటి చేయాలన్నా ఒక రాత్రి నిద్రపోయి ఆలోచించాలి.

ఏ నాటి రూపం అసలు రూపం?

జీర్ణోద్ధరణే మేలని మొదట్లో మేమూ అనుకున్నాం. డైరీ చదివేకొద్దీ అది కూడా అంత తేలిక కాదని తెలిసింది.

1974లో కొన్నప్పుడు బండి రంగు నలుపు. 1986లో ట్యాంకుకు సొట్ట పడితే సరిచేయించి నీలం రంగు వేయించారు. 1991లో భుజం నొప్పి వల్ల హ్యాండిల్ తీసేసి ఎత్తు హ్యాండిల్ వేయించుకున్నారు. అంతకు ముందే నానమ్మ కోసం పక్కన కాళ్లు పెట్టుకునే రేకు, చీర గార్డు బిగించారు. అంటే తాతగారు కూడా తన బండిని కస్టమైజ్ చేసుకున్నవారే!

ఇప్పుడు కార్ఖానా రూపానికి తీసుకెళితే నీలం ట్యాంకు పోతుంది, ఎత్తు హ్యాండిల్ పోతుంది, నానమ్మ కాళ్లు పెట్టుకున్న రేకు పోతుంది. 1974 నాటి మద్రాసు కార్ఖానా తిరిగి వస్తుంది. తాతగారు మాత్రం వెళ్లిపోతారు. నానమ్మకు తెలిసిన బండి ఎప్పుడూ నీలమే.

కట్టడాల సంరక్షకులకు ఈ చిక్కు పాతదే. 1964లో వెనిస్ నగరంలో వారు ఒక నియమావళి రాసుకున్నారు. ఆధారాలు చెల్లిపోయి ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆపేయాలని, వేర్వేరు కాలాల్లో కట్టడానికి చేరిన విలువైన చేర్పులను కూడా గౌరవించాలని అందులో ఉంది. మన దగ్గరి ఉదాహరణ కూడలి సంగమేశ్వరాలయం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా ఆ గుడిని రాయి రాయి విప్పి, అలంపురంలో తిరిగి కట్టారు. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేకుండా విప్పి ఉంటే అలంపురంలో మిగిలేది గుడి కాదు, రాళ్ల కుప్ప. మెకానిక్ షెడ్డుకైనా అదే పాఠం. విప్పేముందు ఫొటో తీయాలి, విప్పాక చీటీ కట్టాలి.

బ్రౌన్ దొర పని, నన్నయ పని

తెలుగు పాఠం చెప్పేవాళ్లం గనుక మాకు తోచిన పోలిక ఒకటి చెబుతాం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చువేయించాడు. ఒకే పద్యం వేర్వేరు తాళపత్ర ప్రతుల్లో వేర్వేరుగా ఉంటే, ప్రతులు పక్కపక్కన పెట్టి, ఏ పాఠం సరైనదో పండితులతో పరిశీలింపజేశాడు. తన సొంత పద్యాలు చేర్చలేదు. అది జీర్ణోద్ధరణ.

దానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల ముందు రాజమహేంద్రవరంలో నన్నయ వ్యాసభారతాన్ని తెలుగు చేశాడు. మాటకు మాట పెట్టలేదు. కొన్ని తగ్గించాడు, కొన్ని పెంచాడు, తెలుగు నడక ఇచ్చాడు. అది రూపాంతరం. దాని వల్ల మన సాహిత్యమే మొదలైంది. కాబట్టి రూపాంతరం తక్కువ పని అని తెలుగువాడు అనలేడు.

కానీ ఇక్కడ ఒక్క తేడా చూడాలి. నన్నయ తెలుగు భారతం రాసినందువల్ల సంస్కృత భారతం చెరిగిపోలేదు. అది అలాగే ఉంది. ఇప్పటికీ రెండూ చదవవచ్చు. బండి విషయంలో ఆ సౌకర్యం లేదు. చాసిస్ మీద గ్రైండరు పెట్టిన క్షణంలో మూలప్రతి పోతుంది. కవి మూలాన్ని మిగిల్చి మార్చగలడు, గ్రైండరు మిగల్చలేదు. కోసే ముందు ఆలోచించమనడానికి కారణం ఇదొక్కటే.

మన రైల్వే కూడా రెండు పనులూ చేస్తుంది. 1855లో ఇంగ్లండులో తయారైన ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజను 1997లో మళ్లీ ప్రయాణికులతో పట్టాలెక్కింది. 2018లో వారణాసి కార్ఖానాలో పాత డీజిల్ ఇంజన్లను విద్యుత్ ఇంజన్లుగా మార్చారు. ఫెయిరీ క్వీన్‌కు కరెంటు మోటారు బిగించాలని ఎవరూ అనుకోలేదు. ఒకటి చరిత్రకు మిగిలిన గుర్తు. డీజిల్ ఇంజన్లు మాత్రం అలాంటివి వందలున్న పనిముట్లు. మా జోన్‌లోని నాగ్‌పూర్ మోతీబాగ్ న్యారో గేజ్ మ్యూజియానికి వెళ్లిన విద్యార్థులకు ఈ తేడా వెంటనే అర్థమైంది.

చట్టం ఏమంటుంది?

ఇష్టాయిష్టాల పైన చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు, ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది. రంగు మారిస్తే ఆర్‌సీలో నమోదు చేయించాలి. సైలెన్సరు తీసేసి పెద్ద చప్పుడుతో తిరగడం కూడా నేరమే. వీడియోల్లో అందంగా కనిపించే ఎన్నో బళ్లు రోడ్డు మీద పట్టుబడేవే.

ఇంకో పక్క, 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని వాహనం దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అలాంటి బండిని రోజువారీ పనులకు గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు. మా అబ్బాయి బండికి 50 ఏళ్లు నిండాయి. దాని నంబరు పలక మీద ఇంకా 'ఎంపీ' అనే ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది 2000లో కదా! రాష్ట్రం కంటే వయసులో పెద్దదైన ఆ బండిని అధికారులు ఏ తరగతిలో చేరుస్తారో వారే తేలుస్తారు. కానీ చాసిస్ కోస్తే మాత్రం ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది.

పాతదే కావాలని పట్టుబట్టకూడని చోట్లు

జీర్ణోద్ధరణ పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. బ్రేకు షూలు, టైర్లు, ట్యూబులు, పెట్రోలు పైపు, వైర్లు అరిగిపోవడానికే పుట్టినవి. వాటిలో పాతవి ఉంచడం భక్తి కాదు, అజాగ్రత్త. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, కారుతుంది. ఇంకో మాట: పాత బుల్లెట్లలో గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఇప్పటి బండి అలవాటైన వాళ్లు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతారు. ఖాళీ మైదానంలో అలవాటు పడ్డాకే రోడ్డెక్కాలి, అదీ లైసెన్సు ఉన్నవాళ్లే.

చేయదలచుకున్నవారికి

షెడ్డులో మేము గమనించినవి, మిస్త్రీ చెప్పినవి కలిపి ఇక్కడ రాస్తున్నాం.

1. మొదట కాగితాలు చూడండి. ఆర్‌సీలోని చాసిస్, ఇంజను నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. తుప్పు పట్టిన నంబరు మీద ఎమరీ కాగితం రుద్దకండి. నూనె గుడ్డతో మెల్లగా తుడవండి.

2. విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. వైర్లు ఎటు నుంచి ఎటు వెళ్లాయో బొమ్మ గీసుకోండి.

3. చాలాకాలం కదలని ఇంజనుకు వెంటనే కిక్కు కొట్టకండి. ప్లగ్గు విప్పి, సిలిండరులో కొద్దిగా నూనె పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పండి. బలవంతం చేస్తే రింగులు విరిగి గోడ గీసుకుపోతుంది.

4. పెట్రోలు ట్యాంకుకు వెల్డింగు ఇంట్లో ఎప్పుడూ వద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

5. తీసిన ప్రతి సామానుకూ చీటీ కట్టి పెట్టెలో దాచండి. కొత్తది వేసినా పాతది పారేయకండి.

6. చేసిన ప్రతి పనీ తేదీ వేసి రాయండి. ఇది అన్నింటికంటే చవకైన పని, అందరూ మరిచిపోయే పని కూడా.

ఆరో నియమం తాతగారు పాటించారు గనుకే మేము ఈ వ్యాసం రాయగలిగాం. ఆ డైరీ లేకపోతే నీలం రంగు ఎప్పటిదో, ఎత్తు హ్యాండిల్ ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. అబ్బాయి దాన్ని ఎవరో వేసిన చెత్త హ్యాండిల్ అనుకునేవాడు. మొదట అలాగే అన్నాడు కూడా.

చివరికి ఏం జరిగింది?

భుజం నొప్పి పద్దు చదివి వినిపించిన రోజు ఆ అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. మరుసటి వారం వచ్చి, మడ్‌గార్డు కోయించడం మానుకున్నానని చెప్పాడు. నాన్నగారికి చట్టం సంగతి, 50 ఏళ్ల నిబంధన సంగతి తనే వివరించాడట. కబాడీ మాట ఆగింది. క్వార్టర్ ఖాళీ చేశాక బండి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. ఆర్‌సీ గడువు ఎప్పుడో ముగిసింది. ఆ కాగితాల పని నడుస్తోంది.

ఇంజను మాత్రం బతికింది. షెడ్డులో చాలాసేపు తంటాలు పడ్డాక మొదటిసారి అంటుకుంది. ఫోన్‌లో ఆ చప్పుడు విన్న నానమ్మ "ఇంకా పాయింటు సరిగ్గా పెట్టలేదు, చెప్పు వాడికి" అందట. మిస్త్రీ విప్పి చూస్తే పాయింటు సందు నిజంగానే ఎక్కువుంది.

బండి ఇప్పుడు కార్ఖానా రూపంలో లేదు, వీడియోల్లోని బాబర్ రూపంలోనూ లేదు. ట్యాంకు నీలంగానే ఉంది, అక్కడక్కడా వెలిసిపోయి. ఎత్తు హ్యాండిల్ ఉంది, చీర గార్డు ఉంది. బ్రేకు షూలు, టైర్లు, వైర్లు కొత్తవి. అబ్బాయి తన కోరిక కొద్దీ ఒక తోలు పనిముట్ల సంచి తగిలించుకున్నాడు, రెండు పట్టీలు విప్పితే వచ్చేసేది. మరమ్మతు, జీర్ణోద్ధరణ, రూపాంతరం మూడూ అందులో ఉన్నాయి. ఏది ఎక్కడ ఆగాలో మాత్రం ఆలోచించి చేసినవి.

డైరీలో ఖాళీ పేజీలు చాలానే మిగిలాయి. ఈ అబ్బాయి మొదటి పద్దు హిందీలో రాశాడు. రెండోది తెలుగులో రాసి తెచ్చి చూపించాడు. మూడు పంక్తుల్లో నాలుగు తప్పులున్నాయి. వాటిని విడిగా ఒక కాగితం మీద రాసి చూపించాం. డైరీలో మాత్రం దిద్దలేదు.